అడగకుండా ఇచ్చిన హార్మోను, అడిగినా అందని హార్మోను

(బోరబండలో బస్తీ మహిళలు, ఆరోగ్య కార్యకర్తలు కలిసిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం పీయూష గ్రంథి, అధివృక్క గ్రంథుల జబ్బులు, వాటిమీద జరిగిన పరిశోధన. ఈ పేర్లు వినగానే, ఇవి కొండమీది జూబ్లీహిల్స్ జబ్బులు, కిందనున్న మన బోరబండ జబ్బులు కావు అని చాలామందికి అనిపిస్తుంది. మనకు రక్తహీనత ఉంది, టీబీ ఉంది, తాగొచ్చి కొట్టే మొగుళ్లున్నారు, ఇవి చాలవా అని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. నా జవాబు ఏమిటంటే, ఈ జబ్బులు మన బస్తీల్లోనూ ఉన్నాయి. కాకపోతే వేరే పేర్లతో ఉన్నాయి. నీరసమనీ, ఒళ్లు వంగదనీ, గాలి సోకిందనీ, పిచ్చి అనీ, మేనరికం దోషమనీ మనం పిలిచే వాటిలో కొన్ని ఈ జబ్బులే. పేరు తెలియనందువల్ల మందు అందక, మందు అందనందువల్ల మనుషులు పోతున్నారు.

హార్మోను అన్న మాట మన ఉద్యమానికి కొత్తది కాదు. 1985లో ఈ నగరం పక్కనే పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ను పేద స్త్రీల మీద ప్రయోగిస్తున్నారని స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలకు తెలిసింది. వెళ్లి చూస్తే, అది ప్రయోగమన్న సంగతి అక్కడికి వచ్చిన స్త్రీలకు తెలియదు. 1986లో స్త్రీ శక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలీ, మరికొన్ని సంఘాలు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లాయి. ఆ ఇంజెక్షన్‌లో ఉన్నది ఒక కృత్రిమ హార్మోను. మా ఒంట్లోకి ఏది ఎక్కిస్తున్నారో మాకు చెప్పాలి, మేం ఒప్పుకుంటేనే ఎక్కించాలి అని ఆనాడు స్త్రీలు అడిగారు. వద్దు అనే హక్కు కోసం జరిగిన పోరాటమది. ఆ తర్వాత 1991లో 'సవాలక్ష సందేహాలు' పుస్తకం వచ్చింది. మన శరీరం గురించి మన భాషలో మనమే తెలుసుకోవాలన్న ప్రయత్నం అది.

వద్దు అనే హక్కు మన ఆరోగ్య హక్కులో సగం. కావాలి అనే హక్కు రెండో సగం. ఒంట్లో ఒక హార్మోను తయారు కాక ప్రాణం మీదికి వచ్చిన మనిషికి, ఆ హార్మోను మాత్ర రూపంలో, చౌకగా, అడగ్గానే అందాలి. దీన్ని గురించి మనం ఇంతవరకూ పెద్దగా మాట్లాడలేదు.

ముందు ఈ గ్రంథుల సంగతి రెండు మాటల్లో చెబుతాను. మెదడు అడుగున, కళ్ల మధ్య నుంచి వెనక్కి పోతే, బఠానీ గింజంత గ్రంథి ఒకటి ఉంటుంది. ఇంగ్లీషులో పిట్యూటరీ అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో పీయూష గ్రంథి అని పేరు. పీయూషమంటే ఈనిన ఆవు తొలిపాలు, మన జున్నుపాలు. అమృతమనీ అర్థముంది. రెండు మూత్రపిండాల మీద టోపీల్లా ఉండేవి అధివృక్క గ్రంథులు, అంటే అడ్రినల్ గ్రంథులు. వీటిలో తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోను మన రక్తపోటును, రక్తంలో చక్కెరను నిలబెడుతుంది. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, ఆపరేషన్ జరిగినా కార్టిసాల్ ఎక్కువగా ఊరి మనిషిని కాస్తుంది. పీయూష గ్రంథి మేస్త్రీ అనుకోండి, అధివృక్క గ్రంథులు కూలీలు. మేస్త్రీ కేక వేస్తే కూలీలు పని చేస్తారు. సరుకు చాలినంత తయారైతే మేస్త్రీ ఊరుకుంటాడు. చాలకపోతే మళ్లీ మళ్లీ కేకలేస్తాడు.

కార్టిసాల్ బొత్తిగా లేకపోతే మనిషి బతకదు. మామూలు రోజుల్లో నీరసంగా నెట్టుకొస్తుంది, ఒక విరేచనాల జబ్బో, ఒక జ్వరమో రాగానే కుప్పకూలుతుంది. ఈ లోటు మన ఆడవాళ్లకు ముఖ్యంగా మూడు దారుల్లో వస్తుంది. ఒకటి కాన్పులో, రెండోది పుట్టుకతో, మూడోది మందుల షాపులో. ఈ మూడింటి గురించీ చెబుతాను.

మొదటిది కాన్పు. 1937లో హెరాల్డ్ షీహాన్ అనే బ్రిటిష్ పాథాలజిస్టు, కాన్పులో విపరీతంగా రక్తం పోయి చనిపోయిన స్త్రీల శరీరాలను పరీక్షించి, వాళ్ల పీయూష గ్రంథి చచ్చుబడి ఉందని రాశాడు. గర్భంతో ఉన్నప్పుడు పాలు తయారుచేయించే కణాలు పెరిగి ఈ గ్రంథి ఉబ్బుతుంది. పెద్దదైన గ్రంథికి రక్తం ఎక్కువ కావాలి. సరిగ్గా ఆ సమయంలో రక్తం పోయి బీపీ పడిపోతే, గ్రంథికి రక్తం చాలక కణాలు చచ్చిపోతాయి. తల్లి బతికి బయటపడుతుంది. అందరూ ఆమె గండం గడిచిందనుకుంటారు. ఒంట్లో మేస్త్రీ మాత్రం పోయాడు. దీన్నే షీహాన్ సిండ్రోమ్ అంటారు.

దీనికి మొదటి ఆనవాలు పాలు. జున్నుపాల పేరు పెట్టుకున్న గ్రంథి దెబ్బతింటే మొదట పోయేది పాలే. బిడ్డ ఎంత చప్పరించినా పాలు పడవు. మనవాళ్లు దిష్టి తగిలిందంటారు, ఆమె సరిగా తినడం లేదంటారు, తల్లిప్రేమ లేదని కూడా అంటారు. తర్వాత ముట్టు తిరిగి రాదు. కొందరు పీడ వదిలిందనుకుంటారు, కొందరు త్వరగా ముట్లుడిగిందంటారు. చంకల్లో, కింద వెంట్రుకలు రాలిపోతాయి. ఇది ఏ ఆడమనిషీ నోరు తెరిచి చెప్పదు, ఏ డాక్టరూ అడగడు. చలికి తట్టుకోలేదు. ముఖం పాలిపోయి ఉబ్బుతుంది. పనిలో నిలబడలేదు. రక్తంలో ఉప్పు పడిపోయినప్పుడు మగతగా ఉంటుంది, పొంతన లేకుండా మాట్లాడుతుంది. అప్పుడు ఎర్రగడ్డకు తీసుకుపొమ్మంటారు. మన పక్కనే ఉన్న మానసిక వైద్యశాల పేరును మనం తిట్టుగా మార్చుకున్నాం కదా.

ఇలాంటి మనిషికి వీధి చివర గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తే రెండు రోజులు కొంత తేరుకుంటుంది. ఉప్పు, చక్కెర తగ్గడం ఈ జబ్బులో భాగమే కాబట్టి ఆ సెలైన్ కొంత పనిచేస్తుంది. దాంతో జబ్బు నీరసమేనని అందరూ నమ్ముతారు. ఇలా పది, పదిహేనేళ్లు గడిచిపోవడం ఈ జబ్బులో మామూలే.

ఇక్కడ ఆరోగ్య కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. నీరసం, ఉబ్బు, చలి అనగానే థైరాయిడ్ పరీక్ష రాస్తారు. చాలాసార్లు టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తారు. ఈ టీఎస్‌హెచ్ పీయూష గ్రంథిలోనే తయారవుతుంది. గ్రంథే దెబ్బతిన్న మనిషిలో అది పెరగాల్సినంత పెరగదు. కాగితం మీద అంతా మామూలుగానే కనబడుతుంది. టీ4 కూడా చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. ఇంకొకటి, కార్టిసాల్ లోటును సరిచేయకుండా థైరాయిడ్ మాత్ర ఒక్కటే మొదలుపెడితే ఆమె ఉన్నట్టుండి కుప్పకూలవచ్చు. ముందు స్టెరాయిడ్ మాత్ర, తర్వాత థైరాయిడ్ మాత్ర. ఈ వరస తప్పితే మందే ప్రాణం తీస్తుంది.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బని పుస్తకాల్లో రాస్తారు. ఆసుపత్రుల్లో కాన్పులు జరిగి, రక్తం దొరికే దేశాలకు అది నిజం. కశ్మీర్‌లో డాక్టర్ అబ్దుల్ హమీద్ జర్గర్, ఆయన సహచరులు ఇళ్లకు వెళ్లి స్త్రీలను పరిశీలించి 2005లో ఫలితాలు ప్రచురించారు. 20 ఏళ్లు దాటి, పిల్లల్ని కన్న స్త్రీలలో దాదాపు 3 శాతం మందికి ఈ జబ్బు ఉందని అంచనా వేశారు. బాధితుల్లో మూడింట రెండొంతుల మందికి కాన్పు ఇంట్లోనే జరిగింది. వెతికినందువల్ల దొరికింది. వెతకనిచోట లేదని రాసుకుంటాం.

ఇప్పుడు తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. సంతోషమే. అయితే ఊళ్లలో మంత్రసాని చేతుల్లో కాన్పులై, ఆ తర్వాత కూలికోసం నగరానికి వచ్చినవాళ్లు ఈ బస్తీల్లో ఎందరో ఉన్నారు. వాళ్లకిప్పుడు యాభై, అరవై ఏళ్లు. వాళ్ల నీరసాన్ని ఎవరూ విప్పి చూడలేదు. మరొకటి, అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువున్న తల్లి కొద్దిపాటి రక్తస్రావాన్ని కూడా తట్టుకోలేదు. ఆసుపత్రిలో కన్నంత మాత్రాన గండం తప్పినట్టు కాదు. పోయిన రక్తాన్ని కొలిచారా, వెంటనే ఆపారా అన్నది అసలు ప్రశ్న. గీతలున్న ఒక ప్లాస్టిక్ సంచిని తల్లి కింద పరిచి రక్తాన్ని కొలుస్తూ, ఎక్కువవగానే మందులన్నీ ఒకేసారి మొదలుపెడితే తీవ్రమైన రక్తస్రావం 60 శాతం తగ్గిందని కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో జరిగిన పెద్ద అధ్యయనం 2023లో చూపింది. ఆ సంచి ఖరీదైన యంత్రమేమీ కాదు.

రెండో దారి పుట్టుక. కొందరు బిడ్డలు పుట్టుకతోనే అధివృక్క గ్రంథుల్లో ఒక ఎంజైము లేకుండా పుడతారు. కార్టిసాల్ తయారుకాదు. మేస్త్రీ కేకలు వేస్తూనే ఉంటాడు. కూలీలు చేయాల్సిన సరుకు చేయలేక, చేయగలిగిన వేరే సరుకును గుట్టలుగా పోస్తారు. ఆ వేరే సరుకు పురుష హార్మోను. గ్రంథులు ఉబ్బిపోతాయి. దీన్ని వైద్యులు క్లుప్తంగా సీఏహెచ్ అంటారు.

ఈ జబ్బుతో పుట్టిన ఆడబిడ్డకు గర్భసంచి, అండాశయాలు మామూలుగానే ఉంటాయి. బయటి అవయవం మాత్రం పెరిగి మగబిడ్డ అవయవంలా కనబడవచ్చు. ఆడా మగా అన్న ప్రశ్న కాన్పు గదిలోనే మొదలవుతుంది. కొందరిని మగపిల్లవాడని ఇంటికి తీసుకుపోతారు. మగబిడ్డ కోసం ఎదురుచూసే ఇంట్లో ఆ పొరపాటును సరిదిద్దుకోవడానికి ఎవరికీ తొందరుండదు. అదే జబ్బుతో పుట్టిన మగబిడ్డకు ఒంటిమీద పెద్దగా గుర్తేమీ ఉండదు. ఈ బిడ్డల్లో చాలామందికి, ఆడైనా మగైనా, ఉప్పు నిలవక రెండో వారంలోనో మూడో వారంలోనో వాంతులు మొదలవుతాయి. పాలు తాగరు, ఒళ్లు వడలిపోతుంది, చనిపోతారు. పాలు గిట్టలేదనో, విరేచనాలు పట్టాయనో రాసుకుంటారు. మగబిడ్డ జబ్బు పేరు తెలియకుండానే పోతాడు. ఆడబిడ్డ బతికితే అవమానంతో బతుకుతుంది.

ఇది మందులేని జబ్బు కాదు. 1950లో అమెరికాలో లాసన్ విల్కిన్స్ అనే పిల్లల వైద్యుడు కార్టిసోన్ ఇచ్చి ఈ పిల్లలను నిలబెట్టవచ్చని చూపాడు. ఇవాళ హైడ్రోకార్టిసోన్ మాత్ర రోజుకు మూడుసార్లు, ఉప్పును నిలిపే ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్ర, పసితనంలో కొంచెం ఉప్పు ఇస్తారు. జ్వరం వస్తే డాక్టరు చెప్పినట్టు మోతాదు రెండింతలో మూడింతలో చేస్తారు. వాంతి అయి మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ వేస్తారు. ఇంతే వైద్యం. ఇది అందిన బిడ్డ బడికి పోతుంది, పెరుగుతుంది, కావాలనుకుంటే పిల్లల్ని కంటుంది.

ఈ బిడ్డలను ముందే కనిపెట్టే దారీ ఉంది. పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలను ఒక అట్టమీద ఆరబెట్టి పరీక్ష చేస్తారు. ఈ పని మన నగరంలోనే జరిగింది. హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో పుట్టిన 18,300 మంది పసిబిడ్డలను సీడీఎఫ్‌డీకి చెందిన డాక్టర్ రాధారమాదేవి బృందం పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు 2,600 మందిలో ఒకరికి సీఏహెచ్, 1,700 మందిలో ఒకరికి పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉన్నాయని తేలింది. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి 2007 నుంచి 2012 వరకు హైదరాబాద్ సహా అయిదు నగరాల్లో లక్షకు పైగా పసిబిడ్డలను పరీక్షించింది. ఆ మొత్తం మీద సీఏహెచ్ సుమారు 5,760 మందిలో ఒకరికి తేలింది.

మన నగరంలో లెక్క ఇంత ఎక్కువ రావడానికి రక్తసంబంధీకుల పెళ్లిళ్లు ఒక కారణమని పరిశోధకులు అంటారు. తల్లి దగ్గర ఒక లోపం, తండ్రి దగ్గర ఒక లోపం ఉండి, రెండూ బిడ్డకు చేరితేనే జబ్బు వస్తుంది. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. రక్తసంబంధం లేనివాళ్లకూ రావచ్చు, మేనరికంలో అవకాశం పెరుగుతుంది. 2019-21 సర్వే ప్రకారం దేశంలో రక్తసంబంధీకుల పెళ్లిళ్లు 11 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు. ఇక్కడ ఒక మాట అడగాలి. మేనమామకో, బావకో ఇచ్చి చేయాలని నిర్ణయించింది ఎవరు? ఆస్తి బయటికి పోకూడదని, కట్నం తగ్గుతుందని పెద్దలు కూర్చుని నిర్ణయించారు. పదహారేళ్ల పిల్లను అడిగినవాళ్లు లేరు. బిడ్డకు జబ్బని తేలిన రోజు మాత్రం దోషం ఆమె కడుపుదవుతుంది. మొగుడికి రెండో పెళ్లి మాట ఎత్తుతారు. లోపం తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చిందని ప్రతి కౌన్సెలర్, ప్రతి ఆశా కార్యకర్త ఆ ఇంట్లో మగవాళ్లందరి ముందూ చెప్పాలి. తల్లి చెవిలో చెప్పి వస్తే సరిపోదు.

ఇంకొక హక్కు సంగతి. అవయవం తేడాగా ఉందని పసితనంలోనే కోసి సరిచేయమని ఇంట్లోవాళ్లు తొందరపడతారు, రేపు పెళ్లి ఎట్లా అంటారు. ప్రాణావసరమైన ఆపరేషన్ వేరు, చూపు కోసం చేసేది వేరు. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు అరుణ్‌కుమార్, శ్రీజల కేసులో, ప్రాణాపాయ పరిస్థితుల్లో తప్ప ఇంటర్‌సెక్స్ పసిబిడ్డలకు ఇలాంటి శస్త్రచికిత్సలు చేయరాదని ప్రభుత్వాన్ని ఉత్తర్వులివ్వమంది. అదే ఏడాది తమిళనాడు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. సీఏహెచ్ ఉన్న ప్రతి బిడ్డనూ ఆ మాటతో పిలవాలా అన్నదాని మీద తేడా అభిప్రాయాలున్నాయి. వీళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లుగానే పెరుగుతారు, అలాగే తమను గుర్తిస్తారు. ఏ మాట వాడినా ఆ శరీరం ఆ బిడ్డది. ఆమె పెరిగి, తెలుసుకుని, తానే నిర్ణయించుకునేదాకా కత్తి ఆగాలి. మాత్ర మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. పటాన్‌చెరులో మనం అడిగిన సూత్రం ఇదే.

మూడో దారి మందుల షాపు. ఇది మన బోరబండకు, కొండమీది ఫిలింనగర్‌కు మధ్య నడిచే దారి. సినిమాలో మొహం చూపించాలన్నా, షాపులో కౌంటర్ దగ్గర నిలబడాలన్నా, పెళ్లిచూపుల్లో నెగ్గాలన్నా తెల్లగా ఉండాలంటారు. మన తెర మీద నల్లమొహం, లావు ఒళ్లు, పొట్టి మనిషి, గొంతు బొంగురైన ఆడది నవ్వు పుట్టించడానికే వస్తారు. అందువల్ల ఆడపిల్లలు షాపులో చవకగా దొరికే స్టెరాయిడ్ ట్యూబులు తెచ్చి నెలల తరబడి మొహానికి రాసుకుంటారు. మొదట తెల్లబడినట్టే ఉంటుంది. తర్వాత చర్మం పలచబడి ఎర్రబడుతుంది, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి, ఎండలోకి పోతే మంట. ఆపితే ఇంకా మంట. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన పెట్టింది. నిబంధన నిజంగా అమలవుతోందా అన్నది మీ వీధి షాపులో అడిగితే తెలుస్తుంది.

పూతమందు కంటే మాత్రలు, ఇంజెక్షన్లు ప్రమాదం. మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి, ఒళ్లు రావడానికి చీటీ లేకుండా దొరికే మాత్రల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. ఇళ్లలో పాచిపని చేసి నడుం విరిగిన మనిషికి ఆ మాత్ర వేసుకున్న రోజు హాయిగా ఉంటుంది, మర్నాడు పనికి పోగలుగుతుంది. పనికి సెలవు లేని మనిషి మందు మానలేదు. వారాలు, నెలలు గడిచేసరికి మొహం గుండ్రంగా ఉబ్బుతుంది, చక్కెర, బీపీ పెరుగుతాయి, ఎముకలు గుల్లబారుతాయి. బయటి నుంచి సరుకు వస్తోందని మేస్త్రీ కేక ఆపేస్తాడు, కూలీలు పని మరిచిపోతారు. అప్పుడు ఎవరో ఇది చెడ్డ మందు అని చెబితే ఆమె ఒక్కసారిగా ఆపేస్తుంది. ఒంట్లో కార్టిసాల్ లేదు, బయటి నుంచీ రావడం లేదు. కుప్పకూలుతుంది. కాబట్టి కార్యకర్తలుగా మనం "ఆ మాత్రలు పారేయండి" అని చెప్పకూడదు. "డాక్టరు దగ్గర మెల్లగా తగ్గించుకుందాం, రండి" అని చెప్పాలి. స్టెరాయిడ్ విషం కాదు. షీహాన్ వచ్చిన తల్లికి, సీఏహెచ్ ఉన్న బిడ్డకు అది అన్నం లాంటిది. అవసరం లేనివాళ్లకు వీధిలో దొరకడం, అవసరమున్నవాళ్లకు ఆసుపత్రిలో అందకపోవడం, ఇదీ అన్యాయం.

ఈ గ్రంథి చేసే మరో హార్మోను గురించి చెప్పకపోతే విషయం సగమే అవుతుంది. అది పెరుగుదల హార్మోను. 1958 నుంచి చనిపోయినవాళ్ల పీయూష గ్రంథుల నుంచి దీన్ని తీసి, ఎదగని పిల్లలకు ఇచ్చారు. 1985లో ఆ మందు వల్ల కొందరికి మెదడును తినేసే ప్రాణాంతకమైన జబ్బు సోకిందని బయటపడి అమెరికాలో దాన్ని ఆపేశారు. అదే ఏడాది జన్యు పద్ధతిలో తయారైన హార్మోను వచ్చింది. ఇప్పుడు ఏళ్ల తరబడి తీసుకోవాల్సిన ఖరీదైన ఇంజెక్షన్ అది. అమెరికాలో లెక్కలు చూస్తే ఆ వైద్యం పొందేవాళ్లలో మగపిల్లలు ఆడపిల్లలకు దాదాపు రెట్టింపు. ఆడపిల్ల పొట్టిగా ఉంటే ఫర్వాలేదనుకోవడం అక్కడా ఉంది. మన దగ్గర ఆడపిల్ల ఎత్తు పెళ్లిచూపుల నాడే ఇంట్లోవాళ్ల కంటబడుతుంది. అప్పటికి ఎముకలు ముదిరిపోయి ఉంటాయి. సుమారు 2,500 మంది ఆడపిల్లల్లో ఒకరికి ఉండే టర్నర్ సిండ్రోమ్ పొట్టితనంగానే మొదలవుతుంది, సమర్తాడకపోతే గానీ ఎవరూ డాక్టరు దగ్గరికి పోరు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో పెరుగుదల హార్మోను లోపానికి, టర్నర్ సిండ్రోమ్‌కు ఈ వైద్యాన్ని చేర్చారు. ఆ విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి ఒక కేంద్రంగా ఉన్నాయి. బడిలో ఆడపిల్లల ఎత్తు ఏటా కొలిచి రాయించండి. తోటివాళ్ల కంటే బాగా వెనకబడిన పిల్లను పదేళ్లలోపే అక్కడికి చేర్చండి.

ఇక మనం అడగాల్సినవి. ప్రతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన ప్రతి బిడ్డకూ సీఏహెచ్, థైరాయిడ్ లోపాలకు రక్తపుచుక్క పరీక్ష ఉండాలి, మొదటి వారంలోనే ఫలితం చెప్పాలి. గోవా, కేరళ తమ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇలాంటి పథకాలు నడిపి చూపాయి. ఇది సాధ్యమా అన్న ప్రశ్నకు అదే జవాబు. హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. అవి ప్రభుత్వ ఆసుపత్రిలో నెలనెలా ఎడతెగకుండా, ఉచితంగా ఇవ్వాలి. కాన్పుగదిలో రక్తాన్ని కొలవాలి, ఎంత పోయిందో డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాయాలి.

మనం చేయగలిగినవీ ఉన్నాయి. 2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు పనిచేస్తున్నాయి, థైరాయిడ్ సహా చాలా పరీక్షలకు అక్కడ రక్తం తీసుకుంటున్నారు. నీరసంతో వచ్చిన ప్రతి ఆడమనిషినీ మూడు ప్రశ్నలు అడగండి. ఆఖరి కాన్పులో రక్తం బాగా పోయిందా? ఆ బిడ్డకు పాలు పడ్డాయా? ఆ తర్వాత ముట్టు వచ్చిందా? ఒకటి అవును, రెండు కాదు అయితే ఆమెను ఉస్మానియాకో నిమ్స్‌కో, హార్మోన్ల డాక్టరు దగ్గరికి పంపండి, వీలైతే తోడు వెళ్లండి. స్టెరాయిడ్ మాత్ర మీద బతికే ప్రతి మనిషి కొంగున ఒక కార్డు ఉండాలి. అందులో పేరు, జబ్బు, మాత్ర, "స్పృహ తప్పితే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ వెంటనే వేయండి" అన్న మాట తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో రాసి ఉండాలి. ఈ కార్డు అచ్చు వేయించడానికి ఏ ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు.

చివరిగా ఒక మాట. 18,300 మంది పసిబిడ్డల మడమల నుంచి తీసిన ఆ రక్తపుచుక్కలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో కన్న తల్లుల బిడ్డలవి. అంటే మనవి. అవి లెక్కలయ్యాయి, వైద్య పత్రికల్లో వ్యాసాలయ్యాయి. పరిశోధకులు చేయాల్సిన పని వాళ్లు నిజాయితీగా చేశారు. ఆ పరీక్ష మాత్రం ఇన్నేళ్లయినా దేశంలో పుట్టే ప్రతి బిడ్డకూ దక్కే మామూలు పరీక్ష కాలేదు. పరిశోధనకు రక్తమిచ్చినవాళ్లకు దాని ఫలితం మీద హక్కుంటుంది. పటాన్‌చెరులో మాకు చెప్పకుండా ఇవ్వవద్దన్నాం. ఇప్పుడు, మా నుంచి తెలుసుకున్నదాన్ని మాకు తిరిగి ఇవ్వమని అడుగుతున్నాం.